కానుగ చెట్టు పై కొమ్మ

రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు కట్టినప్పటి నుంచి, దాని వెనకున్న వేరుశనగ చేలో ఎవరి తిండీ తిన్నగా లేదు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే హాలు వెనక ఎంగిలి విస్తళ్ళు గుట్టలు పడతాయి. చేనుకు కాపలా కాయాల్సిన కుక్క మొదటి ముహూర్తానికే అక్కడికి మకాం మార్చేసింది.

ఆ చేలో ముళ్ళకంచె లోపల ఒక పశువుల పాక, పాక ముందు కానుగ చెట్టు, చెట్టు కింద కర్రెద్దుకు కుడితి తొట్టి ఉన్నాయి. ఎర్రమ్మ, చుక్కమ్మ అని రెండు నాటుకోళ్ళు పొద్దు వాలగానే చెట్టెక్కి పై కొమ్మ మీద పడుకునేవి. రైతుకు కోళ్ళను గంప కింద మూసే అలవాటు లేదు. పై కొమ్మ దాకా ఏ నక్కా ఎగరలేదని ఆయన ధీమా.

నక్కకు కూడా ఆ సంగతి బాగా తెలుసు. పగలు లోపలికి వద్దామంటే చెట్టు కింద ఎద్దు కొమ్ములున్నాయి. సాయంత్రం ఎద్దును పాకలో కట్టేసేసరికి కోళ్ళు పైకెక్కేస్తాయి. ఆలోచించి ఆలోచించి ఒక రోజు పొద్దున్నే కంచె కింద నుంచి ఒక విస్తరాకు లోపలికి తోసింది.

"మరదళ్ళూ, రాత్రి పెళ్ళిలో మిగిలింది. బూందీ లడ్డు, మైసూర్‌పాక్, పులిహోర. మీరు గుర్తొచ్చి నాకు ముద్ద దిగలేదు."

"నీ చేతి తిండి మేం తింటామా?" అంది చుక్కమ్మ.

"నేను కంచె ఇవతలే ఉన్నాగా. మీ ఎద్దు తాత అక్కడే ఉన్నాడుగా. ఇక భయమేంటి?"

"అదీ నిజమే కదే," అంటూ ఎర్రమ్మ అప్పటికే లడ్డు పొడిచేసింది. చుక్కమ్మ కాసేపు బెట్టు చేసింది. తర్వాత అదీ తినేసింది.

అలా నెల గడిచింది. రోజూ ఆకు వచ్చేది, రోజూ ఖాళీ అయ్యేది. కోళ్ళు పురుగుల కోసం నేల కెలకడమే మానేశాయి. ఒక సాయంత్రం రెండూ పై కొమ్మకు ఎగరబోయి, ఆయాసపడి, నడిమి కొమ్మ మీద కూలబడ్డాయి.

"ఉక్కపోత ఎక్కువైంది," అంది ఎర్రమ్మ.

పాకలో నెమరేస్తున్న ఎద్దు తలెత్తింది. "ఉక్కపోత కాదమ్మా, లడ్డు. మీరు తింటున్నంత సేపూ వాడు ఆకు వంక చూడడు, చెట్టు వంక చూస్తాడు. సాయంత్రం మళ్ళీ కంచె దగ్గరికొచ్చి, మీరు ఏ కొమ్మ దాకా దిగారో చూసుకుంటున్నాడు. నిన్న మీరు కళ్ళు మూశాక కంచె సందులోంచి వచ్చి, ఎగిరి కింది కొమ్మ ఆకులు కొరికి మరీ పోయాడు."

చుక్కమ్మ కిందికి చూసింది. కింది కొమ్మకు ఆకులు లేవు.

"ఇప్పుడేం చేయాలి తాతా?"

"నేను తిన్నదాన్ని నీడన పడుకుని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని చూసుకుంటా. మీకా వీల్లేదు. మీకు గొంతు దిగిందంటే దిగిందే. చూసుకోవడమేదో ముందే చూసుకోవాలి. అందుకే మీకు కెలికే కాళ్ళున్నాయి."

మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ ఒట్టు పెట్టుకుంది. కాలితో కెలికి, ఒక అడుగు వెనక్కి వేసి, అదేమిటో చూడనిదే ఏదీ ముక్కున పెట్టుకోనంది. ఎర్రమ్మ చేతా ఒట్టు పెట్టించింది.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రోజు నెయ్యి వాసనకు ఎర్రమ్మ మూడుసార్లు కంచె దాకా పోయింది. మూడుసార్లూ చుక్కమ్మ ఈకలు పట్టి వెనక్కి లాగింది.

"ఒక్క బూందీ గింజేనే."

"ఆ గింజను కెలికి తీశావా?"

"లేదు."

"అయితే లేదు. ఇటు రా, ఈ గట్టు కింద చెదలున్నాయి."

నక్క కంచె అవతల ముఖం వేలాడేసింది. "ఇంత దూరం మోసుకొచ్చాను మరదలా. ఇప్పుడిదంతా పారబోయాలా?"

"పారబోయకు బావా, వండినవాళ్ళ కష్టం చూడు," అంది చుక్కమ్మ మెత్తగా. "మాకు వద్దు గానీ, నువ్వే తినెయ్."

నక్కకు అంతకు ముందు తీపి మీద పెద్ద ఆశ లేదు. కానీ తెచ్చింది వదిలేయడానికి మనసొప్పలేదు, తినేసింది. మర్నాడు కోళ్ళ మనసు మారుతుందేమోనని ఇంకాస్త ఎక్కువ తెచ్చింది. అదీ తానే తింది.

"వాడి మీద నీకంత జాలేంటే?" అని ఎర్రమ్మ అడిగింది. చుక్కమ్మ గట్టు కెలుకుతూనే ఉంది.

రోజూ సాయంత్రం రెండూ పై కొమ్మకు ఎగిరేవి. పడేవి. లేచి మళ్ళీ ఎగిరేవి. పన్నెండో రోజుకు చుక్కమ్మ పై కొమ్మ అందుకుంది. ఎర్రమ్మ మాత్రం నడిమి కొమ్మ దగ్గరే ఆగింది.

పదహారో రోజు సాయంత్రం ఎర్రమ్మ మొండికేసింది. "ఇవాళ పై కొమ్మ ఎక్కాకే పడుకుంటా," అంటూ నాలుగుసార్లు ఎగిరింది. నాలుగోసారి రెక్క పట్టు తప్పి కింది కొమ్మ మీద పడింది. ఇక కదల్లేకపోయింది. ఎద్దును అప్పుడే పాకలో కట్టేసి రైతు పాక పక్కనున్న ఇంట్లోకి వెళ్ళాడు.

కంచె సందు కదిలింది.

చుక్కమ్మ పై కొమ్మ నుంచి దిగి ఎర్రమ్మ పక్కన కూర్చుంది.

"పిచ్చిదానా, పైకి పో. పోతే నేనొక్కదాన్నే పోతాను," అంది ఎర్రమ్మ.

"ఎవరం పోనక్కర్లేదు. కాళ్ళు గట్టిగా బిగించుకుని కూర్చో."

నక్క చెట్టు కిందికొచ్చి పెదవులు నాకింది. "రెండూ ఒకే కొమ్మ మీదా! లడ్డు వద్దన్నారు గానీ, చివరికి నేననుకున్న చోటికే దిగారు." వెనక్కి నాలుగడుగులు వేసింది, పరుగెత్తింది, ఎగిరింది.

పదిహేడు రోజుల కిందట ఇలాగే ఎగిరితే ఆకులందాయి. ఇవాళ కొమ్మకు జానెడు కిందే ఆగిపోయి, తిన్నగా కుడితి తొట్టిలో దబ్బున పడింది.

"కోళ్ళు ఏ కొమ్మ దాకా దిగాయో రోజూ చూశావు కదా బావా," అంది చుక్కమ్మ పైనుంచి. "నీ పొట్ట ఎందాకా దిగిందో ఒక్కరోజైనా చూసుకున్నావా? పదిహేను రోజులు మా వాటా కూడా నువ్వే తిన్నావు."

పాకలోంచి ఎద్దు రంకె వేసింది. రైతు దుడ్డుకర్రతో పరుగెత్తుకొచ్చాడు. నక్క వచ్చిన సందులోంచే బయటపడింది గానీ, సందు ఇరుకై సగం బొచ్చు ముళ్ళకు ఇచ్చి పోయింది. మళ్ళీ ఆ చేను ఛాయలకు రాలేదు.

ఎర్రమ్మ ఊపిరి తీసుకుంది. నడిమి కొమ్మ వంక చూసింది, పై కొమ్మ వంక చూసింది. రెక్కలు విదిలించి ఐదోసారి ఎగిరింది. ఈసారి పై కొమ్మ కాలికి దొరికింది.

నీతి: చూసుకుని తిన్నది ఒంటికి బలం, పారేయలేక తిన్నది ఒంటికి బరువు.