అద్దెకు దొరకని ఏడుపు

అనగనగా కొండ వాలులో ఒక తండా. ఆ తండాలో చాందీ అని ఒక లంబాడీ పిల్ల. ఆమెకు పెళ్ళి కుదిరింది.

వాళ్ళలో పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళేముందు తనవాళ్ళని ఒక్కొక్కరినీ మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, రాగం తీస్తూ ఏడుస్తుంది. ఆ ఏడుపు పాటని 'ఢావ్లో' అంటారు. ఎవర్ని పట్టుకుంటే వాళ్ళ గురించి అప్పటికప్పుడు మాట కట్టి పాడాలి. నీలాగా ఊరికే ముక్కు చీదడం కాదు అమ్మలూ!

చాందీ ఆ రాగం నాయనమ్మ సక్రీబాయి దగ్గర నేర్చుకుంది.

అప్పుడేమైందంటే, పట్నంలో నిత్య అనే పిల్ల లంబాడీల అద్దాల లంగా అద్దెకు తెచ్చుకుని, ఆ రాగంలో బావురుమని, చివర్లో కన్నుకొట్టి రీల్ పెట్టింది. ఏడుపు ఛాలెంజ్ అట! ఇంకేముంది, ఊరూవాడా అదే పని.

ముందు బస్సులో చాందీని చూసి ఎవరో దొంగ ఏడుపు ఏడ్చి నవ్వారు. ఆ తర్వాత కాలేజీ స్టేజీ మీద అదే వేషం వేస్తే, చాందీ పక్కన కూర్చున్నవాళ్ళే పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పెళ్ళికొడుకు స్నేహితులే ఆ రీల్ పంపి, "నువ్వూ ఇట్లనే ఏడుస్తవా?" అని అడిగారు.

చాందీ మనసు చివుక్కుమంది. "నేను పాడను నాయనమ్మా. నోరు తెరిస్తే నవ్వుతారు" అంది. సక్రీబాయి ముఖం వాడిపోయింది. పాట లేకపోతే పిల్లని సాగనంపినట్టే కాదు ఆమెకి.

పెళ్ళయింది. సాగనంపే వేళకి ఇంకో రీల్ తీద్దామని ఆ నిత్యే ఫోను పట్టుకుని తండాలో దిగింది! పాపం, ఆ పిల్లది చెడ్డబుద్ధి కాదులే. తెలియనితనం.

"అక్కా, మీ కల్చరంటే నాకు ప్రాణం! ఒక్కసారి ఏడ్చి చూపించవా?"

చాందీకి ఒళ్ళు మండింది. అప్పుడు ఏం చేసిందో తెలుసా? తిట్టలేదు, కొట్టలేదు. గబగబా వెళ్ళి నిత్య మెడ చుట్టూ చేతులేసి రాగం ఎత్తుకుంది. ఆ పిల్లకి అర్థం కావాలని తెలుగులోనే కట్టింది.

"బట్ట అద్దెకు తెచ్చుకుంటివే చెల్లీ,
బాధ గూడ అద్దెకు దొరికెనా?
మా నాయనమ్మ ముఖం చూడవే చెల్లీ,
నీ నవ్వుకే నా నోరు మూతపడె!"

నిత్య నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఫోను దించేసి, "తప్పయిందక్కా" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి నిజం ఏడుపే.

ఆ తర్వాత చాందీ ఆగిందా? అమ్మని పట్టుకుని పాడింది, నాన్నని పట్టుకుని పాడింది, నాయనమ్మని పట్టుకుని పాడింది. పెళ్ళికొడుకు స్నేహితులు తలలు దించుకున్నారు. సక్రీబాయి ఏడుస్తూనే, "పాడింది నా బంగారం!" అని పొంగిపోయింది.

నిత్య ఆ పాత రీల్ తీసేసింది. చాందీ సరేనన్నాకే అసలు పాట రికార్డు చేసి పెట్టింది, అది ఎవరిదో, ఎందుకు పాడతారో చెప్పి మరీ. ఇష్టమంటే అదమ్మా, అడిగి తెలుసుకోవడం.

చాందీ తలెత్తుకుని అత్తారింటికి వెళ్ళింది. అక్కడి ఆడపిల్లలందరూ, "మా పెళ్ళికి మేమూ పాడతాం, నేర్పు వదినా" అంటూ ఆమె చుట్టూ చేరారు.

కథ కంచి దారి పట్టింది,
నిద్ర మన తలుపు తట్టింది!