కళ్ళంలో చివరి చోటు

ఓబులేసు కళ్ళంలో జొన్నకంకులు పరిచి ఉన్నాయి. నడుమ ఒక రాట, దానికి కట్టిన తాడు. ఆ తాడుకు నాలుగెద్దుల్ని వరసగా కట్టి తిప్పితే కంకులు నలిగి గింజ రాలుతుంది. పని అందరికీ ఒకటే, నడక మాత్రం ఒకటి కాదు. రాట పక్కనున్న ఎద్దు ఉన్నచోటే మెల్లగా తిరిగితే చాలు. వరస చివరనున్నది కళ్ళమంతా చుట్టి రావాలి, అదీ పరుగులాంటి నడకతో.

రాట పక్క చోటు మూడేళ్ళుగా పుల్లన్నది. వయసు మీదపడిన ఎర్రెద్దు, ముందుకాలి మోకాలు ఎప్పుడో చెడింది. అక్కడ అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఆ కుంటు యజమాని కంట పడలేదు. పడితే ఏమవుతుందో పుల్లన్నకు బాగా తెలుసు. పోయినేడు వరస చివర తిరిగిన బూడిదోడనే ఎద్దుకు కాలు పట్టేస్తే, వారం తిరక్కుండా సంతకు తోలేశారు. అందుకే పుల్లన్నకు ఆ చోటంటే ప్రాణం. పనంటే కాదు.

బూడిదోడి బదులు ఓబులేసు మైలడనే కోడెను కొనుక్కొచ్చాడు. పొద్దున్నే వాణ్ణి కళ్ళంలో వదిలి, తాళ్ళు తేవడానికి కొట్టంలోకి పోయాడు. పుల్లన్నకు అదను దొరికింది. కొత్తవాడికి స్వాగతం పలకడమంటే ఆయనకు మహా సరదా, ఎవరొచ్చినా అదే ఉపన్యాసం. మనది కళ్ళం కాదు కుటుంబమన్నాడు. ఇక్కడ పెద్దా చిన్నా లేదన్నాడు. నీలాంటి వాడి కోసమే కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశామన్నాడు. మిగిలిన రెండెద్దులు, కర్రోడూ చుక్కడూ, బుద్ధిగా తలలూపారు. చివరి చోటు తమ మెడకు చుట్టుకోకుంటే వాళ్ళకు అంతే చాలు.

"ఆ చివరి చోటు జూడు నాయనా," అన్నాడు పుల్లన్న గొంతులో తేనె పూసుకుని. "వరసంతటికీ పెద్దరికం అదే. మేమంతా నీ అడుగు జూసుకోనే నడిచేది. అంత గౌరవం వొచ్చిన దినమే ఎవురికీ ఇయ్యరు. నీ రూపు జూసి నేనే ఇప్పిస్తాండా."

మైలడు ఆ చోటునూ, రాటనూ మార్చి మార్చి చూశాడు. "పోయినేడు ఆడ నిలబడిందెవురు పెద్దాయనా?"

"బూడిదోడు. శానా మంచోడు."

"ఇప్పుడు యాడుండాడు?"

కర్రోడు కంకుల వాసన చూడసాగాడు. చుక్కడు లేని ఈగను తోకతో తోలుకున్నాడు. పుల్లన్న ఒక్కడే తడుముకోలేదు. "విశ్రాంతి తీసుకుంటాండాడు," అన్నాడు. సిగ్గనేది కాస్తయినా ఉంటే ఆ మాట గొంతు దాటేది కాదు.

మైలడికి సంగతి అర్థమైంది. ముందుకాళ్ళు వంచి, తల నేలకానించి, అందరికీ వినపడేలా మాట్లాడాడు.

"ఈ పొద్దు వొచ్చినోణ్ణి, అంత గౌరవం నేను తీసుకుంటే రేపు మీ మొగం జూడగలనా? ఈ కళ్ళానికి పెద్ద మీరు. ఆడ మీరే నిలబడాల. నేను రాట పక్కన మూలకు పడుంటా, మీ అడుగు జూసి నేర్చుకుంటా."

పుల్లన్న తన మాటల్లో తానే చిక్కుకున్నాడు. అది మంచి చోటు కాదని ఏ ముఖంతో అంటాడు? తనకంత అర్హత లేదని నసిగాడు. వెంటనే కర్రోడు అందుకున్నాడు.

"నీకు లేని అర్హత ఇంకెవురికుండాదన్నా? మూడేండ్లు ఆ మూలలో మగ్గినావు. మాకే బాధగా ఉండాది."

చుక్కడు జరిగి దారిచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను భుజాలతో నెట్టుకుంటూ చివరిదాకా సాగనంపారు, చాలా మర్యాదగా. ఎవరు పోతేనేం, తాము పోలేదు కదా.

ఓబులేసు వచ్చి, ఎవరెక్కడుంటే అక్కడే తాడు వేసి, మూతులకు చిక్కాలు బిగించి అదిలించాడు. మొదటి చుట్టు పుల్లన్న పళ్ళు బిగబట్టి పరిగెత్తాడు. రెండో చుట్టులో కుంటు బయటపడింది. మూడో చుట్టులో తాడు ఈడ్చుకుపోతుంటే వెనక వేలాడాడు. ఓబులేసు ఎద్దుల్ని ఆపి, వంగి ఆ మోకాలు నొక్కి చూశాడు.

"ఇన్నాళ్ళూ దీని కుంటు నాకు కనపడనే లేదే," అని అక్కడికక్కడే పుల్లన్నను వరసలోంచి విప్పేశాడు.

కళ్ళం దాటుతూ పుల్లన్న వెనక్కి చూశాడు. ముగ్గురిలో ఒక్కరూ తల తిప్పలేదు. ఓబులేసు మళ్ళీ అదిలించాడు. అప్పుడుగానీ చుక్కడికి తెలియలేదు, ఇక వరసలో చివర మిగిలింది తానేనని.

తాను ఒక్క పూట నిలవలేని చోటును గౌరవమని కొత్తవాడికి అంటగట్టబోయేవాడు, ఆ గౌరవం తనకే దక్కితే వద్దనలేడు.