కాటుక కట్టిన వాన

ఊళ్లోని చెత్తంతా లారీల్లో తెచ్చి పోసే గుట్ట ఒకటి అడవి అంచున ఉంది. దాన్ని ఆనుకునే ఒక టేకుతోపు. ఆ తోపులో కాటుక అనే ఆడకాకి కాపురం ఉండేది. విరిగిన గొడుగుల ఊచలు, సైకిల్ పుల్లలు, సీసా మూతలు ముక్కున కరుచుకొచ్చి చెట్ల మధ్య కట్టడం దాని పిచ్చి. కిందనుంచి పోయే జంతువులు నవ్వుకునేవి. గూడు కట్టడం చేతగాక ఇనుము వేలాడదీస్తోందని అడవిపంది ఒకరోజు మొహం మీదే అనేసింది. కాటుక పంది చెవులు చిల్లులు పడేలా తిట్టేదే, కానీ అప్పుడు నోట్లో ఊచ ఉంది.

నాలుగు నెలలకి రెండు చెట్ల నడుమ నిలువెత్తు వాన తయారైంది. ఊచలే ధారలు, మూతలే చినుకులు. గాలి వీస్తే అచ్చం రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. వాగు ఎండిపోయి, నాలుకలు పిడచకట్టుకుపోయిన జంతువులన్నీ ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చాయి. నీళ్లు లేవని తెలిశాక కూడా కదల్లేక అలాగే నిలబడిపోయాయి. అడవికి పెద్దదిక్కయిన ముసలి ఏనుగుకి కళ్లు చెమర్చాయి. ఇది కట్టినవాళ్లకే ఈ తోపు ఇచ్చేస్తున్నానని, ఇకమీదట ఇక్కడ వాళ్ల మాటే చెల్లుతుందని అందరి ముందూ ప్రకటించింది.

కాటుక అప్పుడు గుట్ట మీద ఉంది. కొత్త మూత ఒకటి ఏరుకుని వచ్చేసరికి, జంబన్న అనే నక్క వాన ముందు నిలబడి ఉపన్యాసం దంచుతున్నాడు. ఊరి శివార్లలో తిరిగి నాలుగు పెద్ద మాటలు పట్టుకొచ్చిన ఘనుడు. మెడలో ఎవరో పారేసిన గళ్ల కండువా. లేని నీళ్లని చెవులకి చూపించడం తన ఉద్దేశమట. మరి ఊచలు మోసుకొచ్చింది కాకి కదా అని ఒక కుందేలు అడిగితే జాలిగా నవ్వాడు.

“మొయ్యడానికేముందమ్మా, ముక్కుంటే చాలు. ఆలోచన నాది. కాకిది మోతకూలి.”

కాటుకకి ఒళ్లు మండిపోయింది. ఈ నాలుగు నెలల్లో దాని ముక్కు రెండుసార్లు చిట్లింది. ఎంగిలి ఎముకలు కొరకడానికి తప్ప ఈ వైపు తొంగిచూడని వాడు ఈ రోజు ఈ వానకి యజమాని అయిపోయాడు. ఇది నేను కట్టిందని కాటుక అరిచి చెప్పింది. నీకంత బుర్ర ఎక్కడిదని పంది నోరు మూయించింది. మిగతావాళ్లు తలలూపారు. జంబన్న ఇంకో అడుగు ముందుకేసి, తోపు తన చేతికి వచ్చాక చివరి చెట్టు మీద ఉండనిస్తానని, బుద్ధిగా మోస్తే పని కూడా ఇస్తానని దయ చూపించాడు.

వాడి కళ్లు పొడిచేద్దామన్నంత కోపం వచ్చింది కాటుకకి. కానీ పొడిస్తే తోపు దక్కదు, పేరూ దక్కదు. కొమ్మ మీద గట్టిగా కాళ్లు బిగించి ఏనుగు వైపు తిరిగింది.

“పెద్దయ్యా, ఒక్క మాట అడగనివ్వండి. జంబన్నా, ఆలోచన నీదేనన్నావు. అడుగున ఆ రాగితీగ ఒక్కటి బయటికి పొడుచుకొచ్చింది చూడు. అదెందుకు?”

అలాంటి తీగ ఒకటుందని జంబన్నకి అప్పుడే తెలిసింది. అయినా తడుముకోలేదు.

“అది నీ అజాగ్రత్త. పీకి పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?”

“అయితే నువ్వే పీకు.”

వానాకాలం గాలికి ఊచలు ఊగి చెట్లని కోసేస్తాయి. అందుకని ముసురు పట్టకముందే కట్టిందంతా దించి, మరుసటి ఏడు అదే ఇనుముతో ఇంకోటి కట్టడం కాటుక పద్ధతి. ఒంటి ముక్కుతో అన్ని ముళ్లు విప్పడం కుదిరే పని కాదు. కాబట్టి సన్న తీగలతో అన్నీ జారుముళ్లే వేసి, వాటి కొసలన్నీ ఆ రాగితీగకి కలిపేది. తీగ లాగితే మొత్తం విడిపోతుంది. తను ఏం చేయమంటోందో కాటుకకి బాగా తెలుసు. నాలుగు నెలల కష్టం ఒక్క లాగుతో పోతుంది. పోతే పోనీ, వీడి పేరు మీద మాత్రం నిలవకూడదనుకుంది.

జంబన్న కండువా సర్దుకుని సరిగ్గా వాన కిందికి వెళ్లి నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారో లేదో ఒకసారి చూసుకుని, తీగ పళ్లతో పట్టి లాగాడు.

వాన మొత్తం వాడి మీద కూలింది. తీగలు, ఊచలు కాళ్లకి, తోకకి, కండువాకి చుట్టుకుపోయాయి. కదిలినకొద్దీ ఇంకా బిగుసుకున్నాయి.

“కాటుకా, తియ్యవే. నీకే తెలుసు కదే ఎలా తియ్యాలో,” అని మూలిగాడు జంబన్న.

ఆ మాట అందరూ విన్నారు.

“ఆలోచన నీదే కదా. ఆలోచించు,” అంది కాటుక.

ఏనుగు తొండం పైకెత్తి, తోపు నీదేనమ్మా అంది. కాటుక కోపం చల్లారలేదు. “తోపు తీసుకుంటాను పెద్దయ్యా. కానీ నాలుగు నెలలు మీ నెత్తి మీదే కట్టాను. నవ్వడానికి తలెత్తారు గానీ, ఏం కడుతున్నానో చూడ్డానికి ఒక్కరూ ఎత్తలేదు.” ఏనుగు చెవులు వాల్చేసింది. పంది మెల్లగా వెనక్కి జారుకుంది.

సాయంత్రానికి జంబన్న ఎలాగో పెనుగులాడి బయటపడ్డాడు. తోక వెంట్రుకలు సగం ఆ ఇనుములోనే ఉండిపోయాయి.

నీతి: చెయ్యని పనికి తమ పేరు పెట్టుకోగలరు గానీ, దాని కీలకం ఎక్కడుందో చెప్పలేరు.