నాంచారమ్మ చూసిన సినిమా

ఉపేంద్రశర్మగారిని ప్రశ్న అడగడమే తప్పు. జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని "పద" అంటారు. ఎండనక వాననక వెంట నడవాల్సిందే.

ఆ మధ్యాహ్నం శిష్యుడు పరంధామం మండిపడుతూ వచ్చాడు. అతని మొదటి నవలను సినిమాగా తీశారు. ఉదయం ఆటే చూసొచ్చాడు.

"గురువుగారూ, నవల గొప్పదా, సినిమా గొప్పదా? నా కామేశ్వరి గోదారి వరదలో పడవతో సహా మునిగిపోతుంది. వాళ్ళేమో హీరోని ఈదించి, దాన్ని గట్టెక్కించి, మెళ్ళో తాళి కట్టించారు! ఇంక నేను కలం పట్టను. సగం రాసిన రెండో నవల ఇవాళే పొయ్యిలో పెట్టేస్తాను."

"పద" అన్నారు శర్మగారు.

వెనకవీధిలో ఓ అరుగు మీద ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తుతున్నారు. మధ్యలో నాంచారమ్మ. ఏ సినిమా వచ్చినా మొదటిరోజే చూసొచ్చేది ఆవిడ, ఇల్లు కదల్లేనివాళ్ళకి ఆవిడ చెప్పిందే సినిమా. ఇప్పుడు చెబుతున్నది సాక్షాత్తూ కామేశ్వరి కథే! గురుశిష్యులు అరుగు చివర చతికిలబడ్డారు.

"నడి గోదాట్లో పడవ గిర్రున తిరుగుతోందర్రా! గట్టు మీంచి వాడు దూకాడు. రెండు బారలు వేశాడో లేదో, గుడ్లు తేలేశాడు. ఇది ఊరుకుంటుందా? వాడి జుట్టు పట్టుకుని పడవలోకి లాగింది!"

"అదేంటి పిన్నీ, వాడే దాన్ని కాపాడాడని మా మరిది చెప్పాడే?" అంది ఒకామె.

"మీ మరిది మొహం! నే చెప్పేది విను."

పరంధామం ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, అసలు నవల్లో ఆ అమ్మాయి మునిగిపోతుందండీ."

"మునిగిపోవడానికి దానికేం ఖర్మయ్యా? పడవలో పుట్టిన పిల్లాయె!" అని కసిరిందావిడ.

పరంధామం నాలిక్కరుచుకున్నాడు. కామేశ్వరిని పడవలో పుట్టించింది తనే మరి!

నాంచారమ్మ ఆగితేనా? తెడ్డు విరిగింది, చీకటి కమ్మింది. "ముందు ఈత నేర్చుకో, పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం" అంటూ కామేశ్వరి వాణ్ణి ఓ లంకలో దించేసి, ఒక్కతే వరదకి ఎదురెళ్ళింది. సరిగ్గా అక్కడ ఆపి, ఆవిడ పిండి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

పరంధామం ఎక్కడున్నాడో మరిచిపోయి, మోకాళ్ళ మీద లేచి గుమ్మంలోకి తొంగిచూస్తూ, అందరికంటే పెద్దగా కేకేశాడు. "తర్వాత? అమ్మా, తర్వాతేమైంది?"

శర్మగారు అతని వీపు తట్టారు.

"నీ కథేగా నాయనా, నీకు తెలీదూ?"