అసిరమ్మ బంతి

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక ఏటి ఒడ్డున రాజుగారి సత్రం ఉండేది. ఒక ఏడాది ఏరు పొంగింది. ఇళ్ళు పోయాయి, పొలాలు పోయాయి, పశువులు పోయాయి. నిలువ నీడ లేనివాళ్ళంతా పిల్లాపాపలతో ఆ సత్రానికి చేరారు.

అక్కడ అంట్లు తోమే మనిషి అసిరమ్మ. నా అన్నవాళ్ళు లేరు. మాట తక్కువ.

సత్రంలో పెద్దవాళ్ళకు మనిషికింతని రాజుగారి కొట్టు నుంచి బియ్యం వచ్చేది. పిల్లలకు రాదు. తల్లులు తమ ముద్ద పిల్లలకు పెట్టి, మంచినీళ్ళు తాగి లేచేవారు.

ఒకనాడు ఒక తల్లి నీళ్ళ కుండ ఎత్తబోయి కూలబడింది. అసిరమ్మ పట్టుకుంది.

"ఎప్పుడు తిన్నావే?"

"పిల్ల తిన్నాది అప్పా. చాల్లే."

ఆ పూటే అసిరమ్మ సత్రం అధికారి దగ్గరికి వెళ్ళింది. పిల్లలకూ బియ్యం ఇప్పించమంది.

"ఆజ్ఞలో పెద్దలున్నారు, పిల్లలు లేరు" అన్నాడాయన.

ఆయన పై అధికారి ఠాణేదారు దగ్గరికి వెళ్ళింది. "ఆజ్ఞలో పెద్దలున్నారు, పిల్లలు లేరు."

మూడు రోజులు నడిచి కోటకు వెళ్ళి మంత్రిని అడిగింది. ఆయనా అదే మాట. అయినా కదల్లేదు. సత్రం నుంచి మోసుకొచ్చిన అన్నం గుండిగ పక్కన పెట్టుకుని, రాజుగారు బయటికి వచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు రాజు.

"నా జీతం గింజలు ఆపించండి మారాజా."

"ఎందుకు?"

"గుండిగలు తోమడానికి పెట్టుకున్నారు నన్ను. తోమడానికేమీ మిగలట్లేదు. ఆకలికి పిల్లలే నాకేస్తన్నారు. ఇదిగో, ఇది నేను తోమింది కాదు. చెయ్యని పనికి కూడు తినలేను బాబూ. నా గింజలు ఆళ్ళకిప్పించండి."

రాజు గుండిగలో చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క మెతుకు తగల్లేదు.

"ఆ ఆజ్ఞ రాయించింది నేనే. పిల్లలు నాకు గుర్తు రాలేదు. నువ్వు గుర్తు చేశావు. ఇకనుంచి పిల్లల వంతు పిల్లలకే. పెద్దల వంతు తగ్గదు. నీ జీతమూ ఆగదు. మొదటి బంతి పిల్లలదే, వడ్డన నీది."

బియ్యం బండ్లతోపాటే అసిరమ్మ తిరిగొచ్చింది. పిల్లలు వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఆనాడు కూలబడిన తల్లి కూతురు ముద్ద కలిపి ఆగిపోయింది.

"మాయమ్మకో?"

"అమ్మకి వేరేగా ఉన్నాది. ఇది నీదే తల్లీ, తిను" అంది అసిరమ్మ. ఆమె కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు.

ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆమే వడ్డించింది. ఆమె పోయిననాటికి ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళే పాడె మోశారు. నా అన్నవాళ్ళు లేని మనిషికి ఏటి ఒడ్డు ఊళ్ళన్నీ మైల పట్టాయి.

ఇప్పటికీ ఆ ఊళ్ళలో పెళ్ళయినా, దినమైనా, జాతరైనా మొదటి బంతి పిల్లలదే. ఎవరి పిల్లలని అడగరు. పిలిచారా అని అడగరు. "అసిరమ్మ బంతి లేచిందా?" అని కనుక్కున్నాకే పెద్దలు విస్తరి ముందు కూర్చుంటారు.