ఆడని వంతు

అనగనగా ఒక రాజుండేవాడు. ఆ రాజు పోయాక రాణి హేమాంగి మిగిలింది, ముగ్గురు కొడుకులు మిగిలారు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతల నుంచి మాంత్రికుడు ధూమ్రాక్షుడు కబురంపాడు. తన మాయపలక మీద ఆడి గెలిస్తే, అందులో చిక్కిన రాజకుమార్తె నీలోత్పలను విడిపించుకోవచ్చట. పెద్దకొడుకు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు చిత్రసేనుడు అన్నల్ని తెస్తానని లేచాడు. రాణి ఆపలేదు. వెంట నడిచింది.

ముసలి తాబేలొకటి ఇద్దర్నీ వీపున ఎక్కించుకుంది. మెల్లగా ఈదింది. చాలా మెల్లగా.

"కాస్త త్వరగా, తాతా," అన్నాడు చిత్రసేనుడు.

"మీ అన్నలు చేపనెక్కి వెళ్ళారు నాయనా. త్వరగానే వెళ్ళారు," అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటి ఇద్దరూ మాంత్రికుడి ఇంట అడుగుపెట్టారు.

మాంత్రికుడి భుజం మీద చిలుక, ముందు పలక. పలక నిండా గళ్ళు, గళ్ళలో బొటనవేలంత బొమ్మలు. ఒక బొమ్మకి పెద్దవాడి మీసం. ఒక బొమ్మకి నడిపివాడి తలపాగా.

"ఆట సులువే," అన్నాడు మాంత్రికుడు. "ఒక వంతు నీది, ఒక వంతు నాది. కొట్టు, కాచుకో, మందు తాగు అని పలక మీద రాసుంది. వంతుకి ఒకటే. నీ బొమ్మకి మూడు దీపాలు. మూడూ ఆరితే నువ్వూ పలకలోకే. వంతు కానప్పుడు నోరు ఆడించవచ్చు. చేయి కదిపితే మాత్రం ఓడినట్టే."

చిత్రసేనుడు కొట్టాడు. మాంత్రికుడికి ఏమీ కాలేదు. మాంత్రికుడు చిలుక నోట్లో దానిమ్మ గింజ పెట్టి, అప్పుడు కొట్టాడు. చిత్రసేనుడి దీపం ఒకటి ఆరింది. చిత్రసేనుడు మళ్ళీ కొట్టాడు. మాంత్రికుడు మళ్ళీ గింజ పెట్టి, అప్పుడు కొట్టాడు. రెండో దీపం ఆరింది.

మూడోసారి చిత్రసేనుడి వేలు 'కొట్టు' మీదికి పోతుంటే రాణి ఆ చేయి పట్టుకుంది.

"గింజ పెట్టాకే ఆడుతున్నాడు, చూశావా?" అంది చెవిలో.

"చూశానమ్మా."

"మన వంతుకి గడువు చెప్పాడా?"

"లేదు."

"అయితే ఊరికే కూర్చో."

కూర్చున్నారు. గుమ్మంలో ఎండ గది మధ్యకి వచ్చింది. మధ్య నుంచి గోడెక్కింది.

"ఏమిటోయ్ ఆలస్యం?" అన్నాడు మాంత్రికుడు.

"వాడంతే నాయనా. చిన్నప్పుడు నాలుగు ముద్దలకి పూటంతా పట్టేది," అంది రాణి.

పైకి అంది గానీ ఆమె కళ్ళు చిలుక మీదే ఉన్నాయి. చిలుక ఓర్చుకుంటే? పిల్లవాడే ఓర్చుకోలేకపోతే? పలక మీద ఆఖరి దీపం రెపరెపలాడుతోంది.

"ఆకలి," అంది చిలుక. కాసేపటికి మళ్ళీ "ఆకలి," అంది. మూడోసారి అనలేదు. తల వాల్చేసింది. దాంతోపాటే మాంత్రికుడి తలా వాలింది. వాడి ప్రాణం ఎక్కడుందో రాణికి అప్పుడు తెలిసింది.

వాడి చేయి దానిమ్మ పళ్ళెం వైపు పోయింది.

"వంతు మాది, నాయనా," అంది రాణి.

పలక పటుక్కున పగిలింది. పెద్దవాడు లేచాడు, నడిపివాడు లేచాడు, నీలోత్పల లేచింది. రాణి వాళ్ళని కావలించుకోబోయి, ఆగి, ముందు చిలుక నోట్లో గింజ పెట్టింది. ఆ చిలుక ఇక ఆమె చేయి వదల్లేదు. తన ప్రాణం ఆమె చేతిలో ఉంది గనక మాంత్రికుడు మళ్ళీ ఎవరి జోలికీ పోలేదు.

నీలోత్పల చిత్రసేనుణ్ణి ఇష్టపడి పెళ్ళాడింది. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి చిరకాలం రాజ్యమేలారు. రాణి మాత్రం ముగ్గురూ పీటల మీద కనబడితే గానీ అన్నంలో చేయి పెట్టేది కాదట. ఎవరైనా ఆలస్యం చేస్తే ఆగేదట. ఆగడం ఆమెకి వచ్చు.