చిలకపచ్చ కుండ

అల్లరి మాని కూర్చోండి, చెబుతాను. ఒకానొక రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు. వాడు ఆ రాజ్యంలోని కుమ్మరి కూతురు కుందనను ఎత్తుకుపోయాడు!

"నా చిలక రంగులో కుండ చేసి తెస్తే ఈ పిల్లను వదిలేస్తాను. చేయలేకపోతే వచ్చినవాణ్ణి రాయిని చేస్తాను!" అని చాటించాడు.

పెద్దవాడు వెళ్లాడు. కుండకు పూత పూసి, కుండలు కాల్చే ఆవంలో పెట్టి, ఆవం నోరు మూశాడు. మొదటిరోజే తెరిచి చూశాడు. గాలి తగిలి కుండ గోధుమరంగుకు తిరిగింది. రాయి అయ్యాడు. రెండోవాడు వెళ్లాడు. రెండోరోజు తెరిచాడు. వాడూ రాయే!

మూడోవాడు జయకేతుడు బయలుదేరాడు. ఏడో సముద్రంలో కొట్టుకుంటున్న కందిరీగను ఆకుతో పైకి తీశాడు.

"రాకుమారా! మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. దాన్ని దాచిన చోటు వాడికొక్కడికే తెలుసు" అంది కందిరీగ.

మాంత్రికుడి చోటికి చేరాక కుందన అతనికి కుండలు చేసే సారె తిప్పడం నేర్పింది.

"ఇది కుండా, పొంగిన బూరెనా?" అని నవ్వింది.

జయకేతుడు కోపగించుకోలేదు. మట్టి మళ్లీ ముద్ద చేశాడు. మూడోసారికి కుండ నిలిచింది. బూడిద జల్లించి, ఇనుపరాతి పొడి కలిపి పూత పూసి, ఆవంలో పెట్టి మూశాడు.

"పొగ లోపలే మగ్గితేనే పచ్చదనం. మూడు రోజులు తొంగిచూడకు" అంది కుందన.

మొదటిరోజు మాంత్రికుడు వచ్చి, "లోపల పగిలిందేమోనోయ్!" అన్నాడు.

"పగిలితే పగలనీ."

రెండోరోజు, "రంగు మాడిపోతోంది, తెరువు!" అన్నాడు.

"మాడితే మాడనీ."

మూడోరోజు కుందనే, "నాకే ఆగడం లేదు, ఒక్కసారి చూద్దామా?" అంది. జయకేతుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు!

నాలుగోరోజు తెరిచారు. ఆహా! లేత చిగురులా, తడి అద్దంలా మెరిసే కుండ!

"రంగు కలవలేదు!" అని అరిచాడు కరాళుడు.

"మాటలెందుకు? చిలకను పక్కన పెట్టి చూపించు" అన్నాడు జయకేతుడు.

పంతం పట్టిన కరాళుడు తన తలపాగా విప్పి చిలకను తీసి బల్లమీద పెట్టాడు. టక్కున జయకేతుడు కుండను దానిమీద బోర్లించాడు! కరాళుడికి ఊపిరి ఆడలేదు.

"ఎత్తు బాబూ, ఎత్తు!"

"ముందు మా అన్నలు లేవాలి. నీ మాయలన్నీ పోవాలి!"

రాళ్లు మనుషులయ్యాయి. మాయలు పోయాయి. జయకేతుడు కుండ ఎత్తి, చిలకను పంజరంలో పెట్టి కుందన చేతికిచ్చాడు.

ఇంటికి తిరిగొచ్చి జయకేతుడు కుందనను పెళ్లాడతానంటే సభలో కొందరు గొణిగారు. "ఓర్పు నేర్పిన చేతికి మించిన రాణి ఎవరు?" అన్నాడు రాజు.

పెళ్లి ఘనంగా జరిగింది. వాళ్లు అరవై ఏళ్లు ధర్మంగా ఏలారు. కరాళుడు ఆ అరవై ఏళ్లూ వాళ్ల ఆవం దగ్గర మట్టి తొక్కాడు.